పొట్టు పోయే దారి

పత్తికొండ కాడ మా బావమరిది మౌలాలి
మూడు బోర్లేసినాడు. మూడూ ఎండినాయి.
నాలుగించుల పైపులు తొమ్మిది
కళ్ళంలో పడుండి బూడిద రంగుకొచ్చినాయి.
"తీస్కపో బావా, చూస్తాంటే కడుపు మండుతాది" అన్నాడు.
ఆటో పైన కట్టి, తోకకు ఎర్రగుడ్డ చుట్టి
ఆదోనికి తెచ్చినా.

ఇంటెనక రేకుల కొట్టం నా షాపు.
రంపం బల్ల, రందా మిషను, మూలకొక సాండరు.
పదకొండేండ్ల పొట్టు
దూలాల మీద, బల్బు మీద, నా కనురెప్పల మీద.
ఖాశింబీ అన్నంలో ఏరేది రాళ్ళు కాదు, టేకు.
రాత్రి నాకు దగ్గు పడితే
ఆమె ఏమీ అనదు, గోడకేసి చూస్తాది.
ఆ గోడకవతలే షాపు.
ఇవతల మా జేజినాయన విల్లు.

దూదేకే విల్లు.
పరుపులకు దూది ఏకతా ఊరూరా తిరిగినోడు.
మీసం నల్లగున్న వయసులోనే
సాయంత్రానికి తెల్లగయ్యేదంట.
యాభై రెండుకు పోయినాడు.
ఏం జబ్బని ఎవురూ రాసియ్యలేదు.
అడగాలని మాకూ తోచలేదు.

ప్లంబరు ఈరన్నతో ఒక పూటంతా కొట్లాట.
"నీళ్ళకేసినట్టే గదన్నా" అని
తొంభై డిగ్రీల ఎల్బో తీసినాడు.
లేదప్పా,
నీళ్ళను వెనక నుంచి తోస్తారు,
గాలిని ముందర నిలబడి పిలవాల.
పిలిస్తే వచ్చేదానికి గోడమూల చూపిస్తే
అలుగుతాది,
మోసే పొట్టు ఆడనే దించేస్తాది.
నలభై ఐదువి రెండు అతికించి తిప్పినాం.
టీ వద్దని వై పెట్టినాం,
వంక హంద్రీలో కలిసినట్టు
పక్క నుంచి, ఒద్దికగా.

ప్లైవుడ్ తునకలతో మూడు గేట్లు చేసినా.
ఒకటి తెరిస్తే రెండు మూయాల.
మోటరుకుండే ఊపిరి ఒకటే,
అందరికీ పంచితే ఎవురికీ ఆనదు.
(ఈ మాట మా ఇంటి లెక్కలకూ... పోనీలే.)
పొడుగునా రాగితీగ చుట్టి ఎర్తుకిచ్చినా,
ఎండుపొట్టు రాసుకుంటా పోతే
పైపు ముట్టినోని చెయ్యి జివ్వుమంటాది.

స్విచ్చేస్తే
మొదటి ముద్ద నా కొలతల చీటీ,
నాగలింగప్ప మంచానిది.

సందులు యాడున్నాయో చూడను
ఖాశింబీ ఊదుబత్తి ముట్టించింది,
దర్గాకని దాచిన కట్టలోది.
పొగ నిలువుగా పోతే సరే,
అతుకు దిక్కు వంగితే ఆడ ఓటి.
పందొమ్మిది అతుకుల ముందరా
ఫాతెహా ఇచ్చినంత నిదానంగా నిలబడింది.
పదమూడోది వంగింది.
ఎంసీల్ పిసికి మెత్తినా.

రంపం మీద పలక తోసినా.
పొట్టు పుట్టిన కాడే మాయం.
మౌలాలికి ఫోన్ చేసి
పైపుకు ఆనించి వినిపించినా, గలగల.
"నీళ్ళ మాదిరే ఉండాది బావా" అన్నాడు.
కొంచేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

వారం తిరిగేసరికి ఏదో తక్కువైంది.
వేప కోస్తే వేపని తెలీలేదు,
టేకు కోస్తే టేకని.
వాసనా పొట్టెంబడే పోతాంది.
నీలం డ్రమ్ము మూత తీసి చూసినా.
అడుగున మామిడి తెల్లగా,
దాని మీద వేప లేత ఎరుపు, పైన తేనెరంగు టేకు,
నేను మర్చిపోయిన పనులన్నీ
వరసలు వరసలుగా పండుకోనుండాయి.
పిడికెడు తీసి ముక్కు కాడికి తెచ్చినా.
"అంత కష్టపడి బయటికి పంపింది
మళ్ళా పిల్చుకొస్తాండావా?"
వాకిట్లో నుంచి ఖాశింబీ.

దగ్గు తగ్గింది. పోలేదు.

ఇంకొకటి చెప్పాల.
మోటరు తిరిగేటప్పుడు
గోడ మీది విల్లు నరం
ఎవురూ కొట్టకుండానే సన్నగా పలుకుతాది.
మేకు బిగించి చూసినా,
గుడ్డ అడ్డం పెట్టి చూసినా. ఆగదు.
స్విచ్చి ఆపినంక కూడా
రెండు ఊపిర్లంత సేపు.